13(2) నోటీసు వచ్చింది, ఇప్పుడే డీఆర్‌టీకి వెళ్లవచ్చా?

మధురవాడ వాసి:
కాంట్రాక్టు పని ఆగిపోయి కొన్ని నెలలుగా వాయిదాలు కట్టలేదు. గృహరుణ సంస్థ సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని, అమ్మి బాకీ రాబట్టుకునే చట్టం) కింద 13(2) నోటీసు పంపి, 60 రోజుల్లో మొత్తం బాకీ తీర్చమంటోంది. ఇప్పుడే విశాఖ డీఆర్‌టీలో (రుణ వసూళ్ల ట్రిబ్యునల్) స్టే అడగవచ్చా? లాయరు ఫీజు ఎంత ఉంటుంది?

గాజువాక గొంతు:
మా గేటుకు స్వాధీనం నోటీసు అంటించిన రోజు వీధంతా నిలబడి చదివింది. రెండు పత్రికల్లో వెయ్యాలట, ఒకటి తెలుగుది. దాంతో సంగతి మా వియ్యంకుల దాకా పాకింది. తర్వాత 14వ సెక్షను కింద మెజిస్ట్రేటు ఉత్తర్వు పట్టుకుని అడ్వొకేట్ కమిషనర్ (స్వాధీనానికి కోర్టు నియమించిన లాయరు) పోలీసులతో వచ్చారు. అమ్మ పెట్టిన దీపం కొండెక్కక ముందే సామాను బయట పడింది.

రికవరీ రావుగారు:
ముప్ఫై ఏళ్లు బాకీ వసూళ్ల శాఖలోనే పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. 13(2) దశలో డీఆర్‌టీ మీ మాట వినదు. ముందు 13(3ఎ) కింద రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. వాళ్లు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. 13(4) కింద స్వాధీనం లాంటి చర్య మొదలయ్యాక డీఆర్‌టీలో 17వ సెక్షను దరఖాస్తు, గడువు 45 రోజులు. సివిల్ కోర్టు ఊసెత్తకండి, 34వ సెక్షను ఆ దారి మూసేసింది.

సీతమ్మధార శాస్త్రి:
అంత కంగారు ఎందుకండీ? వేలం ముగిసేదాకా ఎప్పుడు డబ్బు కట్టినా ఇల్లు మనదే. మా బావగారు 2014లో అలాగే దక్కించుకున్నారు.

రికవరీ రావుగారు:
మీ బావగారి నాటి చట్టం వేరు. బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే గడువు చెప్పే 13(8) 2016 సవరణతో మారింది. వేలం ప్రకటన వెలువడే లోపే మొత్తం కట్టాలి. 2023లో బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. తెలియకపోతే ఊరుకోండి, ఇలాంటి సలహాలతో కొంపలు మునుగుతాయి.

సీతమ్మధార శాస్త్రి:
జీతం ఇచ్చిన వాళ్ల పక్షాన మాట్లాడటం మీకు అలవాటే! ఎంతమందిని వీధికి ఈడ్చారో కూడా చెప్పండి.

గాజువాక గొంతు:
శాస్త్రిగారూ, రావుగారు చెప్పింది నిజమే. ప్రకటన వచ్చాక మేము డబ్బు సర్దుకుని వెళితే తీసుకోలేదు.

పెందుర్తి రైతు:
వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు కదా? మా నాన్న తాకట్టు పెట్టింది జీడితోటే.

రికవరీ రావుగారు:
కాగితంలో వ్యవసాయం అని ఉంటే చాలదు, నిజంగా సాగులో ఉండాలి. తోట ఉందా, ప్లాట్ల రాళ్లు పాతారా?

పెందుర్తి రైతు:
సగం సగం.

ఎండాడ కొనుగోలుదారు:
నేను అవతలివైపు మనిషిని. వేలంలో ఫ్లాటు పాడుకుని 25 శాతం వెంటనే, మిగతాది గడువులో కట్టాను. పాత యజమాని డీఆర్‌టీలో కేసు వేశాడు, తాళం ఇంకా నా చేతికి రాలేదు. నా డబ్బుకు విలువ లేదా?

గాజువాక గొంతు:
మా ఇల్లు కొన్నది మీరేనా ఏమిటి?

ఎండాడ కొనుగోలుదారు:
మాటలు మర్యాదగా రానివ్వండి. మీరు బాకీ పడితే నేరం నాదా?

మధురవాడ వాసి:
రావుగారూ, అభ్యంతరం రాసే ముందు రుణ ఖాతా వివరాలు అడుగుతాను, అపరాధ రుసుము ఎలా వేశారో చూడాలి. లాయరు ఫీజు మాత్రం ఎవరూ చెప్పలేదు.

రికవరీ రావుగారు:
ఖాతా నకలు తప్పకుండా తీసుకోండి. డీఆర్‌టీలో ఓడితే అప్పీలు కోల్‌కతాలో, దానికి బాకీలో సగం జమ చేయాలి. తగ్గించినా 25 శాతం కంటే కిందకు దిగదు. అందుకే పోరాటమంతా ఇక్కడే చేయండి.

ఎండాడ కొనుగోలుదారు:
పాత యజమాని అపార్టుమెంటు మెయింటెనెన్సు బకాయి నన్ను కట్టమంటున్నారు, న్యాయమేనా?

సీతమ్మధార శాస్త్రి:
దానికి వేరే చర్చ పెట్టండి.