అమ్మకి 21 ఏళ్ళకే ఆపరేషన్ చేసి పంపారు, నన్నేమో ముగ్గుర్ని కనమంటున్నారు

ఒంగోలు అమ్మాయి (2025 మార్చి 16)

ముందే చెప్తున్నాను, ఇది పార్టీల గొడవ కాదు. జెండాలు గుమ్మం బయట పెట్టి లోపలికి రండి.

పోయిన వారం మా మామగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానని ఒక ఎంపీ గారు ప్రకటించారు కదా, అదే. కింద ఒక నమస్కారం బొమ్మ, పక్కన నా పేరు ట్యాగు. మా ఆడపడుచు నవ్వుతున్న బొమ్మలు నాలుగు పెట్టింది. మా ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

నాకు ఒక్కతే కూతురు, నాలుగేళ్ళు. హైదరాబాదు నిజాంపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. అదే స్కూల్లో పాపని వేశాను, స్టాఫ్ పిల్లలని సగం తగ్గించినా నర్సరీకి 38 వేలయింది. ఒక్కరితో ఆపేద్దామని నేనూ మా ఆయనా ఎప్పుడో అనుకున్నాం.

ఇక్కడ అడగాలనుకున్నది మా అమ్మ గురించి. అమ్మకి 17కి పెళ్ళి, 19కి నేను, 21కి తమ్ముడు. తమ్ముడికి ఇంకా అన్నప్రాసన కూడా కాలేదు, ఊళ్ళోకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జీపు వచ్చింది. అది 1995. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. బొడ్డు కింద చింతగింజంత మచ్చ ఉంటుంది. చిన్నప్పుడు పక్కలో పడుకుని దాన్ని వేలితో నొక్కి "ఇదేంటమ్మా?" అంటే "జీపు మచ్చ" అనేది. చాలా ఏళ్ళు జీపు గుద్దిందనే అనుకున్నాను. మా ఎలిమెంటరీ స్కూలు గోడ మీద ఎర్ర త్రికోణం, దాని కింద "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని ఉండేది. వానలకి సున్నం పెచ్చులూడి మధ్యలో "ఆపై" పోయింది. మేము చదువుకునే నాటికి "ఇద్దరు ముద్దు వద్దు" అని మిగిలింది.

21 అంటే ఇప్పుడు మా స్కూలుకి ట్రైనింగుకి వచ్చే బీఈడీ పిల్లల వయసు. వాళ్ళని చూసినప్పుడల్లా అమ్మ గుర్తొస్తుంది.

2024 అక్టోబరులో ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబు గారు ఇద్దరికి మించి పిల్లలున్న వాళ్ళకే స్థానిక ఎన్నికల్లో పోటీకి అర్హత ఉండేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. నవంబరులో అసెంబ్లీ, ఇద్దరికి మించి పిల్లలుంటే ఆ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత "ఇద్దరే" నిబంధనని ఎత్తేసింది. కారణం నాకు అర్థమవుతుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏపీలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని తేలింది. జనాభా ఉన్నచోట నిలబడాలంటే 2.1 కావాలి. తేడా 0.4. తీసివేత నాకొచ్చు, మా మామగారు నేర్పక్కర్లేదు.

అడిగేది ఒకటే. జనం ఎక్కువైనప్పుడు మా అమ్మ పొట్ట, తక్కువైనప్పుడు నా పొట్టా? ఎంతమందిని కనాలో చెప్పే హక్కు ప్రభుత్వానికి అసలు ఎంతవరకు ఉంది? అమ్మని అప్పుడు ఎవరైనా అడిగారా?

డెల్టా రైతు

అమ్మాయి గారూ, మీ కోపం న్యాయమే. కానీ పెద్దాయన వీడియో ఊరికే పెట్టలేదు, దాని వెనక వేరే భయం ఉంది.

లోక్‌సభ సీట్లు ఏ రాష్ట్రానికి ఎన్నో 1971 జనాభా లెక్కల మీద ఆగిపోయి ఉన్నాయి. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రం నష్టపోకూడదని 1976లో 42వ సవరణతో ఆపారు, తర్వాత 84వ సవరణతో 2026 దాటాక వచ్చే మొదటి జనగణన దాకా పొడిగించారు. ఆ గడువు ఇప్పుడు మన నెత్తి మీదే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 42, ఇప్పుడు తెలంగాణలో ఉన్న మీకు 17, ఏపీలో మాకు 25. కొత్త లెక్క వేస్తే ఉత్తరాది వాళ్ళవి పెరుగుతాయి, మనం చప్పట్లు కొట్టాలి. డబ్బు సంగతీ అంతే. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాని 15వ ఆర్థిక సంఘం పంచినప్పుడు బీహారుకి 10.058 శాతం, ఏపీకి 4.047, తెలంగాణకి 2.102. జనాభా అదుపులో పెట్టినందుకు విడిగా 12.5 శాతం వెయిటేజీ ఇచ్చారు, కాదనను. అది పెళ్ళివారు భోజనం పెట్టకుండా తాంబూలం ఇచ్చినట్టుంది.

అందుకే 2024లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ కూడా సామూహిక వివాహాల్లో పదహారు మంది పిల్లల మాట ఎత్తారు. చెప్పిన మాట విన్నవాడికి శిక్ష పడితే రేపు ఇంకెవడు వింటాడు?

ఒంగోలు అమ్మాయి

రైతు గారూ, అన్యాయం అన్నది ఒప్పుకుంటాను. కానీ 1971 దగ్గర లెక్క ఆపింది పార్లమెంటు. అది మార్చినా ఉంచినా పార్లమెంటే. ఆ పని లేబర్ రూములో చేయమంటే ఎలా? పైగా 2011 లెక్కల్లో యూపీ 20 కోట్లకి దగ్గర, విడిపోయిన ఏపీ 5 కోట్లకి దగ్గర. నేను ముగ్గుర్ని కంటే ఆ దూరం తగ్గుతుందా?

పాలమూరు పిలగాడు

నియమం పెడితే ఎట్లుంటదో మా ఇంట్ల జరిగింది చెప్త. నవ్వొస్తె నవ్వుకోండ్రి.

మా చిన్నాయినకు ముగ్గురు పిల్లలు. మూడోడు 2013ల పుట్టిండు. 2019 జనవరిల సర్పంచ్ ఎలక్షన్లు వచ్చినయ్. ఊరంత ఈయననే గెలుస్తడు అనుకున్నరు. నామినేషన్ ఏసిండు. పరిశీలన నాడు అవతలాయన అంగన్‌వాడీ రిజిస్టర్ జిరాక్స్ తెచ్చి టేబుల్ మీద పెట్టిండు. మా చిన్నాయిన ఊకుంటడా? పిలగాన్ని మా మేనత్తకు దత్తత ఇచ్చినమని బాండ్ పేపర్ తీసిండు. పన్జెయ్యలె. దత్తత ఇచ్చినా పుట్టిన బిడ్డ పుట్టినట్టే అని సుప్రీంకోర్టు హర్యానా కేసుల 2003లనే తేల్చింది. కొట్టేసిన్రు.

కానీ వకీలు ముందే హుషారు జేసిండు. డమ్మీగ మా నాయనమ్మతోని గూడ నామినేషన్ ఏపిచ్చిండు. నాయనమ్మకు ఎంతమందనుకున్నరు? ఆరుగురు. అందరు 1995 మే 31 కంటె ముందు పుట్టినోళ్ళే, చట్టానికి వాళ్ళు లెక్కల లేరు. ఆరుగురు సరే, ముగ్గురు తప్పు! నాయనమ్మ గెలిచింది. అయిదేండ్లు ఆమె సంతకం పెట్టింది, చిన్నాయిన పెత్తనం జేసిండు. ఎమ్మెల్యేకు, ఎంపీకి గీ నిబంధన లేనే లేదు. ఊరి సర్పంచ్‌కే ఎందుకు? కోర్టుకు పొయ్యే తాకత్ లేదని.

మీ ఏపీ దిక్కు 2024ల ఎత్తేసిన్రు, అప్పటికి మా తెలంగాణల ఇంక ఉండె. గా మూడోడు ఇప్పుడు ఏడో తరగతి. ఇంట్ల ఎవ్వలకు కోపం వచ్చినా "నీవల్లనే పదవి పోయిందిరా" అంటరు. వాడేం జేసిండు?

గోపాలపురం కోడలు

మా అక్కకి ఇద్దరూ ఆడపిల్లలే. బాలికా సంరక్షణ పథకంలో ఇద్దరి పేరా చెరో 30 వేల బాండు వస్తుందంటే ఆపరేషన్ చేయించుకుంది. ఆ సర్టిఫికెట్ లేకపోతే అప్పట్లో పథకం వచ్చేది కాదు. బలవంతం కాదు, నిజమే. కానీ ఇంట్లో డబ్బు లేనప్పుడు ఆశ చూపించడం కూడా ఒకరకంగా మెడ పట్టుకోవడమే అనిపిస్తుంది నాకు. 50 వేలూ ఆవూ కూడా అదే బాపతు.

పాత ఏఎన్ఎం

చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయలేదండి. అమ్మాయి "జీపు మచ్చ" అన్నాక ఉండబట్టలేదు. ఆ జీపులో ముందు సీట్లో కూర్చున్నది మాలాంటి వాళ్ళమే.

గోదావరి జిల్లాల్లో 34 ఏళ్ళు ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళలో తిరిగే ప్రభుత్వ నర్సుగా చేశాను. 1983లో చేరాను. మా పనికి కొలత ఒక్కటే, "కేసులు", అంటే ఎంతమందిని ఆపరేషన్‌కి తెచ్చామన్నది. ఎన్ని కాన్పులు చేశావు, ఎంతమంది పిల్లలకి టీకాలు వేశావు అని అడిగినవాళ్ళు తక్కువ. ఏడాది లెక్కలు మూసే మార్చి నెల వచ్చిందంటే కడుపులో దడ. మీటింగులో కేసులు తక్కువైన వాళ్ళని లేపి నిలబెట్టేవారు. నన్ను ఒకసారి గంటసేపు నిలబెట్టారు, అప్పుడు నాకు ఆరో నెల.

క్యాంపు ఎలా ఉండేదో చెప్తాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో చాపలు పరిచి ఆడవాళ్ళని వరసగా కూర్చోబెట్టేవాళ్ళం. రాత్రి నుంచి ఏమీ తిని ఉండకూడదు. చంటిపిల్లలు ఏడుస్తూంటే అమ్మమ్మలు ఎత్తుకుని వేపచెట్టు కింద తిప్పేవారు. ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ అంటే టేబుల్‌ని తల కిందకి వచ్చేలా వంచి, పొట్టలోకి గాలి ఎక్కించి, చిన్న రంధ్రంలోంచి గొట్టం దించి గర్భనాళాలకి (ట్యూబులకి) రింగులు వేస్తారు. చెయ్యి తిరిగిన డాక్టరుకి అయిదు నిమిషాలు. తర్వాత రెండ్రోజులు భుజం పీకేస్తుంది. ఆపరేషన్ పొట్టకి, నొప్పి భుజానికి! పొట్టలో మిగిలిన గాలి వల్ల అది. మేం వాళ్ళకి అది కూడా చెప్పేవాళ్ళం కాదండి. చెప్తే పక్కావిడ లేచి వెళ్ళిపోతుందేమోనని.

మగవాళ్ళ సంగతి అడగండి. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదే, దేశంలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లయ్యాయి. ముప్పాతిక వంతు మగవాళ్ళవే. ఆ బలవంతానికి ప్రభుత్వమే పోయింది. ఆ దెబ్బతో ఏ నాయకుడూ మగవాళ్ళ జోలికి పోలేదు, బరువంతా ఆడవాళ్ళ మీదకి జరిగింది. మగవాళ్ళకి చేసే వేసెక్టమీలో కత్తి కోత లేని పద్ధతికి కుట్టు కూడా ఉండదు, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. కరీంనగర్ వైపు మగవాళ్ళు బాగానే ముందుకొచ్చేవారు. మా వైపు అడిగితే "బరువులెత్తాలి కదండీ" అనేవారు. బిందెలు ఎత్తేదెవరో మరి. అమ్మాయి చెప్పిన ఆ సర్వేలోనే ఉంది చూడండి, ఏపీలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 70 మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ళది నూటికి ఒకటి కూడా లేదు.

1996లో టార్గెట్లు ఎత్తేశామన్నారు. పేరు మారింది. మార్చి నెల మారలేదు.

ఒకావిడ గురించి చెప్పి ఆపుతాను. నేనే మూడుసార్లు ఇంటికెళ్ళి ఒప్పించిన కేసు. ఇద్దరు పిల్లలు, 22 ఏళ్ళు. రెండేళ్ళకి పెద్దాడు కాలవలో పడి పోయాడు. కర్మ అయిన పదో రోజున మా సబ్ సెంటర్‌కి వచ్చి గుమ్మంలో కూర్చుంది. "అమ్మా, అది విప్పుతారా?" అంది. కుట్టు విప్పినట్టు విప్పుతారనుకుంది. ట్యూబులు మళ్ళీ కలిపే ఆపరేషన్, రీకానలైజేషన్ అని ఉంటుంది, పెద్దాసుపత్రికెళ్ళాలి, అయినా నిలుస్తుందని నమ్మకం లేదని చెప్పాను. అంతా విని "ముందు చెప్పలేదే" అంది. తిట్టలేదు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. సునామీ తర్వాత తమిళనాడు ప్రభుత్వం బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకి ఆ ఆపరేషన్లు ఉచితంగా చేయించిందని పేపర్లో చదివినప్పుడు ఆవిడే కళ్ళ ముందు మెదిలింది.

కానీ ఇంకో మాట కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. అయిదో కాన్పుకి రక్తం లేక నా చేతుల్లో పోయినవాళ్ళూ ఉన్నారు. అత్తకి తెలియకుండా చీకటితో వచ్చి "ఇవాళే చేయించెయ్యండి, నా వల్ల కాదు" అని నా కాళ్ళు పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఆ జీపు దేవుడు పంపినట్టే. ఆపరేషన్‌లో తప్పు లేదండి. నా చేతిలో పెట్టిన అంకెలో ఉంది తప్పు. అంకె ఉన్న రోజున నేను మనిషిని చూడలేదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒక్క పూటలో 83 మందికి చేసి, పదమూడు మంది దాకా చనిపోతే దేశమంతా ఆశ్చర్యపోయింది. నాకు ఆశ్చర్యం వేయలేదు, భయం వేసింది. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ క్యాంపులు ఆపేయమని చెప్పాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు ముగ్గుర్ని కనమనేవాళ్ళు కూడా రేపు ఏ ఆశా వర్కర్ చేతిలోనో ఒక అంకె పెడతారేమో, నా దిగులు అది.

వేటపాలెం జీడిపప్పు

ఇంతకీ ఆ ఆవు పాలిచ్చేదా, ఒట్టిపోయిందా? ఎవరైనా కనుక్కున్నారా?

ఒంగోలు అమ్మాయి (మార్చి 18)

జీడిపప్పు గారూ, మా మామగారిని అడిగి చెప్తాను :)

ఏఎన్ఎం గారూ, నిన్న రాత్రి అమ్మకి ఫోన్ చేసి మీరు రాసిందంతా చదివి వినిపించాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడవాలనే అనుకున్నాను.

"నన్నెవరూ లాక్కెళ్ళలేదే" అంది. మా నాయనమ్మ ఒక్క మగపిల్లాడు ఏం చాలుతాడు, ఇంకొకడు ఉండాలని పట్టుబట్టిందట. నాన్న ఎటూ మాట్లాడలేదట. జీపు ఊళ్ళోకి వచ్చిన రోజు నాయనమ్మ మిరపకోతకి పోయింది. అమ్మ నన్ను పక్కింటి పిన్నమ్మ చేతిలో పెట్టి, తమ్ముణ్ణి చంకనేసుకుని ఎక్కేసింది. సాయంత్రం వచ్చాక నాయనమ్మ పది రోజులు మాట్లాడలేదట.

"మరి నాన్న చేయించుకుంటే పోయేదిగా?" అన్నాను. నవ్వింది. చాలాసేపు నవ్వింది.

అంటే ఇన్నాళ్ళూ అమ్మ తరఫున నేను మోసిన కోపంలో సగం నాదే. మామగారికి రాద్దామని టైపు చేసి పెట్టుకున్న పెద్ద మెసేజ్ తీసేసి, "మాకు ఒక్కతే చాలు మామయ్యా, మేమిద్దరం మాట్లాడుకున్నాం" అని పెట్టాను. కింద ఈసారి మా ఆయన బొటనవేలు పెట్టాడు, అదీ పదకొండు నిమిషాల తర్వాత.

ఫోన్ పెట్టేసే ముందు అమ్మ మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఆ నర్సమ్మ భుజం నొప్పి సంగతి రాసిందన్నావే, అది ఇంకోసారి చదువు" అంది. చదివాను.

"గాలా?" అంది. "జీపు కుదుపులకి పట్టేసిందనుకున్నానే ఇన్నాళ్ళూ."