చైనా ఉద్యానాలను చూపిన ఐరోపా ముద్రాచిత్రాలను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న:
18వ శతాబ్దంలో చైనా తోటల పేరిట ఐరోపాలో వెలువడిన ముద్రాచిత్రాలను కొంతకాలంగా పరిశీలిస్తున్నాను. వంపులు తిరిగిన కాలిబాటలు, పేర్చిన బండలు, నీటి నడుమ మండపాలు దాదాపు అన్నిటిలోనూ కనిపిస్తున్నాయి. వీటిని చెక్కినవారు ఆ తోటలను స్వయంగా చూశారా, లేక ఒకరి చిత్రాన్ని చూసి మరొకరు చెక్కారా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
స్వయంగా చూసినవారిలో ముందుగా చెప్పుకోవలసింది ఇటలీకి చెందిన క్రైస్తవ మతగురువు మత్తేయో రీపా గురించి. కాంగ్‌షీ చక్రవర్తి ఆజ్ఞ మేరకు ఆయన బీజింగ్‌కు ఉత్తరాన ఉన్న జెహోల్‌లోని చక్రవర్తి వేసవి విడిదిలోని 36 దృశ్యాలను 1713 ప్రాంతంలో రాగిరేకులపై చెక్కారు. చైనాలో ఆ పద్ధతి అప్పటికి కొత్త కావడంతో సిరా, అచ్చుయంత్రం కూడా ఆయనే సమకూర్చుకోవలసి వచ్చింది. అయితే ఆ తోటలో తిరిగిన మనిషి అయినప్పటికీ, ఆయన అనుసరించినది ఆస్థాన చిత్రకారుడు షెన్ యూ కూర్పులనే. అవే కూర్పులతో వచ్చిన చెక్క అచ్చు ముద్రణలను వీటి పక్కన పెట్టి చూడండి. చెక్క అచ్చులో కొండను గీతలే నిలబెడతాయి, ఆకాశం ఉత్త కాగితంగానే మిగులుతుంది. రీపా అదే కొండకు దట్టమైన గీతలతో వెలుగునీడలు కల్పించి, ఆకాశాన్ని కూడా ఖాళీగా వదలలేదు. తోట చైనాది, చూపు మాత్రం ఐరోపాది అని నాకు అనిపిస్తుంది.

రెండవ జవాబు:
పై వివరణతో ఏకీభవిస్తూ, బ్రిటిష్ వాస్తుశిల్పి విలియం ఛేంబర్స్ విషయం చేర్చదలచాను. చైనా కట్టడాలపై ఆయన 1757లో ప్రచురించిన ఫలకాలకు (ముద్రాచిత్రాలకు) గొప్ప ఆదరణ లభించింది గాని, స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఆయన చూసినది దక్షిణ చైనాలోని కాంటన్ (నేటి గ్వాంగ్‌జౌ) రేవు పరిసరాలనే. చక్రవర్తుల ఉద్యానాలు ఆయన కంటపడలేదు. లండన్ దగ్గరి క్యూ (Kew) ఉద్యానంలో ఆయన 1762లో పూర్తిచేసిన గోపురానికి పది అంతస్తులు ఉన్నాయి, చైనాలోనైతే సాధారణంగా బేసి సంఖ్యలో కడతారు. ఇక పారిస్‌లో జార్జ్ లూయీ ల రూజ్ 1770, 80 దశకాల్లో వెలువరించిన సంపుటాలలో చైనా చిత్రాల నకళ్లు, ఐరోపా తోటల ప్లానులు కలిసే ఉంటాయి కనుక ఏ ఫలకానికి మూలం ఏదో విడివిడిగా చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రీపా 1724లో లండన్ వెళ్లినందువల్లనే ఇంగ్లండ్ తోటల తీరు మారిందని కొందరు రాస్తున్నారు. అది సరైనదేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అంత గట్టిగా చెప్పలేము. బర్లింగ్టన్ ప్రభువు గ్రంథాలయానికి ఆ ముద్రణల ప్రతి ఒకటి చేరిన మాట నిజమే, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కాని చైనా తోటల్లో కొలతకు లొంగని అందం ఉంటుందని ఇంగ్లిష్ రచయిత విలియం టెంపుల్ 1685లోనే తన వ్యాసంలో రాశారు. అంటే ఆ అభిరుచి అక్కడ ముందే మొలకెత్తింది, రీపా చిత్రాలు దానికి కంటికి కనిపించే రూపాన్ని అందించి ఉండవచ్చు.