మే నెలలో అనంతగిరికి: దద్దోజనం కట్టుకెళ్ళాలా, ఊళ్ళో తినేయాలా?

సన్నజాజి:
మే రెండో ఆదివారం మియాపూర్ నుంచి అనంతగిరి కొండలకి వెళ్తున్నాం. మేమిద్దరం, అత్తయ్యగారు, మామయ్యగారు, మా అమ్మ, ఒక స్నేహితుల జంట, ఇద్దరు పిల్లలు. మొత్తం తొమ్మిది మంది, రెండు కార్లు. పొద్దున్న 5:30కి బయల్దేరి, ఒంటిగంటకి భోంచేసి, ఎండ చల్లబడ్డాక తిరిగి రావాలని. మా ఆయన పులిహోర, దద్దోజనం ఇంటి నుంచే పట్టుకెళ్దామంటారు. వికారాబాద్ ఊళ్ళో తినేద్దామని నేను. ఆ ఎండకి ఏడెనిమిది గంటలు అన్నం నిలుస్తుందా? తెలిసినవాళ్ళు కొలతలతో చెప్పండి.

చల్లకవ్వం:
నిక్షేపంగా నిలుస్తుందమ్మా. పద్ధతి తప్పితేనే పాడవుతుంది.

పులిహోరకి 700 గ్రాముల బియ్యం, 110 గ్రాముల చింతపండు, 120 మి.లీ. నువ్వులనూనె చాలు. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడకాలి. నీళ్ళ పులుసు కలిపితే సాయంత్రానికి అన్నం జిగురెక్కుతుంది. అన్నాన్ని పెద్ద తాంబాళంలో పరిచి, వేడి మీదే పసుపు, పచ్చి కరివేపాకు, రెండు చెంచాల నూనె కలిపి, ఫ్యాను కింద అరగంట ఆరబెట్టాలి. ఆరకుండా డబ్బాలో సర్దారా, మూతకి పట్టిన ఆవిరి చుక్కలై పైపొర మీద పడుతుంది. పాడవడం అక్కణ్ణించే మొదలు. పల్లీలు వేయించి విడిగా పొట్లం కట్టుకోండి, తినేముందు కలిపితే కరకరలాడతాయి.

దద్దోజనానికి 400 గ్రాముల బియ్యం మెత్తగా వండి, వేడిగా ఉండగానే మెదిపి, కాచిన పాలు లీటరు పోయండి. గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగు. అంతకు మించొద్దు. దారిలోనే తోడుకుని, తినేవేళకి కమ్మగా ఉంటుంది.

బండిచక్రం:
ఆదివారం కొండ మీద బండ్ల రద్దీ ఎక్కువ. తొమ్మిదిలోపు చేరితేనే నీడలో పార్కింగ్.

డిగ్రీ42:
పులిహోర విషయంలో చల్లకవ్వం గారితో నాకు పేచీ లేదు. దద్దోజనం మాత్రం మేలో ఆ పద్ధతిన వద్దు. 40-43 డిగ్రీల వేడి పెరుగు తోడుకోవడానికి అతి అనుకూలం, నాలుగు గంటల్లో గడ్డకడుతుంది. అయిదింటికి తోడు వేస్తే తొమ్మిదికల్లా పెరుగైపోతుంది. మీరు తినేది ఒంటిగంటకి. మిగతా నాలుగు గంటలూ అది పులుస్తూనే ఉంటుంది. ఎండలో ఆపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు కూడా దాటొచ్చు.

పులుపు ఒక్కటే అయితే ఇంత రాయను. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యంలో ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి లేచి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే గాలి వేడి 32 డిగ్రీలు దాటితే వండిన పదార్థం గంటకి మించి బయట ఉంచొద్దంటారు. పులిహోరలో చింతపండు పులుపు ఆ జీవిని అంత తేలిగ్గా పెరగనివ్వదు. పాలు పోసిన అన్నానికి తోడుకునేదాకా ఆ కాపలా లేదు.

చల్లకవ్వం:
గుళ్ళల్లో పొద్దున్న చేసిన దద్దోజనం మధ్యాహ్నం దాకా పంచుతారు. ఎంతమందికి వాంతులయ్యాయి? నేను చెప్పింది రెండు చెంచాల తోడు. నాలుగు వేస్తే పులుస్తుంది, రెండు వేస్తే పులవదు. ఆ తేడా మీ లెక్కలో ఎక్కడా కనబడలేదు.

డిగ్రీ42:
తోడు తగ్గిస్తే గంటో గంటన్నరో ఆలస్యమవుతుంది, ఆగిపోదు. ఆ ఆలస్యంలోనే కదా ప్రమాదమంతా! గుళ్ళో ప్రసాదం బిగించి డిక్కీలో పెట్టరు.

రేలపూలు:
మాది ఆ పక్కనే. అన్నం సంగతి మీరు మీరు తేల్చుకోండ్రి గని, కూసునే జాగ గురించి ఎవ్వలు చెప్తలేరు. అనంతగిరి అడవిల టేకు చెట్లు మస్తు. మే నెల్ల టేకుకు ఆకుండది. కింద చాప ఏస్తే నెత్తి మీద ఎండే. కానుగ చెట్టు ఎతుకుండ్రి. ఏప్రిల్‌లనే కొత్త ఆకు ఏసి నీడ చిక్కగ ఉంటది. చింత, మామిడి, మర్రి గూడ మంచిగుంటయ్. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్లు చూడనీకి మంచిగుంటయ్ గని, బండ్లు పోయే రోడ్డు పక్కన పిల్లలతోని కూసోవద్దు.

గుడి దిక్కు కోతులుంటయ్. ప్లాస్టిక్ కవరు చప్పుడు ఇంటెనే దిగుతయ్. స్టీలు డబ్బాలు, గుడ్డమూటలు తెచ్చుకోండ్రి. మూసీ పుట్టేది ఆడనే, గని మే నెల్ల పారే నీళ్ళ మీద ఆశ వెట్టుకోవద్దు. చేతులు కడుగుకోనీకి 10 లీటర్లు ఏరే తెచ్చుకోవాలె.

కొండవాగు:
ఇంత గొడవెందుకు, అక్కడే మూడు రాళ్ళు పెట్టి వేడివేడిగా వండుకోండి. నిలవ మాటే ఉండదు.

రేలపూలు:
వద్దే వద్దన్నా. కింద ఎండుటాకు పరుపు లెక్క ఉంటది. టేకు ఆకు పెద్దది, అంటుకున్న ఆకు గాలికి లేచి ఇంకో దిక్కు పడ్తది. కట్టె ఆర్పినమనుకుంటరు, బూడిద కింద నిప్పు పొద్దుగూకేదాక ఉంటది. నేల మీద గూడు పెట్టే పిట్టలు, కొత్తగ మొలిచిన చెట్లు ముందుగాల పోతయ్. రిజర్వు ఫారెస్టుల నిప్పు పెట్టుడు 1967 అటవీ చట్టం కింద నేరం గూడ.

కొండవాగు:
సరే అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. దద్దోజనం గిన్నెకి తడిగుడ్డ చుడితే సరిపోదా?

డిగ్రీ42:
వికారాబాద్ వైపు మేలో పొడిగాలి కాబట్టి తడిగుడ్డ బాగానే చల్లబరుస్తుంది. అదే విశాఖ తీరంలో గాలి నిండా చెమ్మే, నీరు త్వరగా ఆరదు, అంతగా పనిచేయదు. కానీ కారులో తలుపులు మూసి ఉంచితే ఎక్కడైనా దండగే.

చల్లగా ఉండాలంటే 25 లీటర్ల థర్మోకోల్ పెట్టె, నాలుగు లీటరు సీసాల గడ్డకట్టిన నీళ్ళు. సీసా పదో వంతు ఖాళీగా ఉంచి ఫ్రీజర్‌లో పెట్టండి. నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది, నిండా పోస్తే సీసా పగులుతుంది. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి రెండు సీసాలైనా డబ్బాల పైన ఉండాలి. పెట్టె డిక్కీలో కాదు, ఏసీ తగిలే చోట. దిగగానే చెట్టు కిందికి మార్చాలి. కరిగాక ఆ నీళ్ళే తాగొచ్చు.

చల్లకవ్వం:
థర్మోకోల్, ఐసు, సూక్ష్మజీవులు! ఇలా భయపెట్టే ఇంటి అన్నం మాన్పించి జనాన్ని హోటళ్ళకి తోలుతున్నారు. ఆ అమ్మాయి వెంట ముగ్గురు పెద్దవాళ్ళున్నారు. ఆ వయసులో హోటల్ నూనెలు, మసాలాలు అరుగుతాయా? ఎండలో మసాలా తిని గంటన్నర, రెండు గంటలు కారులో కూర్చోవడమంటే ఏమిటో మీకు తెలియాలి. మా తరం చెప్పే ప్రతిదానికీ ఇక్కడ ఏదో ఒక జబ్బు పేరు చెబుతున్నారు, చాలా రోజులుగా చూస్తున్నాను.

డిగ్రీ42:
నేను హోటల్ అని ఒక్కచోట కూడా రాయలేదండీ. పులిహోర పట్టుకెళ్ళమనే అన్నాను. దయచేసి మళ్ళీ చదవండి.

గడపదాటి:
రెండు రోజుల నుంచి చదువుతున్నాను. బియ్యం ఎన్ని గ్రాములో, తోడు ఎన్ని చెంచాలో, చెట్టు ఏదో తేల్చారు. 5:30కి బండి కదలాలి. అన్నం అరగంట ఆరాలి. అంటే 4:30కి పొయ్యి దిగాలి. రెండు రకాల అన్నాలు, పోపులు, పాలు కాచడం, పిల్లల్ని లేపి తయారుచేయడం. అంటే 3:30కి లేవాలి. లేచేదెవరు? ఒక్కరూ రాయలేదు. సన్నజాజి గారు రాసిన మాట చూడండి, "పట్టుకెళ్దామంటారు". వండుతానన్నట్టు లేదు. తిరిగొచ్చాక తొమ్మిది మంది గిన్నెలు తోమడం కూడా లెక్కలో వేయండి. వారానికి ఒక్క ఆదివారం, అదీ ఇలా గడిస్తే ఆవిడకి ఆ కొండ మీద నిద్ర ముంచుకొస్తుంది.

చల్లకవ్వం:
మనవాళ్ళకి మన చేత్తో వండిపెట్టడం ప్రేమమ్మా. దాన్ని చాకిరీ లెక్కలో వేస్తే నాకు బాధగా ఉంది.

గడపదాటి:
ప్రేమ కాదని నేను అనలేదండీ. ఏడుగురు పెద్దవాళ్ళు వెళ్తుంటే ఆ ప్రేమ చూపించే వంతు ఒక్కరికే ఎందుకు వచ్చిందని అడుగుతున్నాను.

బండిచక్రం:
ఊళ్ళో తినడమూ అంత సులువు కాదు. కొండ నుంచి అయిదారు కిలోమీటర్లు దిగాలి, ఆదివారం ఒంటిగంటకి తొమ్మిది మందికి ఒక్కచోట బల్ల దొరకదు. పిల్లలు ఆకలికి ఆగరు.

సన్నజాజి:
గడపదాటి గారు సరిగ్గా పట్టుకున్నారు. అన్నం పాడవుతుందని ఇక్కడ ఎవరైనా గట్టిగా చెబితే, అదే మాట ఇంట్లో చెప్పి తప్పుకోవచ్చనుకున్నాను. నాకూ ఇంటి పులిహోరంటేనే ఇష్టం. తెల్లారుజామున నేనొక్కదాన్నే లేవాలంటేనే ఇష్టం లేదు. ఆ మాట ఆయనతో నేరుగా అనలేదు.

డిగ్రీ42:
అయితే పని పంచుకుంటే సరిపోతుంది. పులుసు శుక్రవారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఏమీ కాదు. శనివారం రాత్రి పల్లీలు, పోపు గింజలు వేయించి ఉంచండి. ఆదివారం మూడున్నరకి మీవారు లేచి అన్నం ఒక్కటే పెట్టాలి. 4:30కి తాంబాళంలోకి, అయిదింటికి పులుసు కలపడం, 5:15కి డబ్బాలోకి. మీరు 4:45కి లేస్తే చాలు.

తాగే నీళ్ళు, ఐసు పెట్టె స్నేహితుల జంటకి అప్పగించండి. పెద్దవాళ్ళకి మనిషికి మూడు లీటర్లు, పిల్లలకి లీటరున్నర, మొత్తం 24 లీటర్లు. ఎవరికైనా ఎండదెబ్బకి నీరసం వస్తే లీటరు నీళ్ళలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టండి.

దద్దోజనం బదులు అరకిలో మందపాటి అటుకులు, ఫ్రిజ్‌లో చల్లబడ్డ పెరుగు లీటరున్నర. తినేముందు అటుకులు కడిగి, అయిదు నిమిషాలు నాననిచ్చి, పెరుగు, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి. పొద్దున్న పొయ్యి పనే లేదు.

రేలపూలు:
దారిల ముంజలు కనబడితే ఆగుండ్రి. కాయ కోపిచ్చి బొటనవేలితోని నొక్కి చూడుండ్రి. మెత్తగ లోపలికి పోయి, నీళ్ళు చిమ్మేదే లేతది. గట్టిగుంటే పిల్లలకు పెట్టొద్దు, కడుపు నొస్తది.

చల్లకవ్వం:
ఆ అబ్బాయి మూడున్నరకి లేవడం మంచి మాటే, ముందే ఆ ముక్క నేను అనాల్సింది. అటుకులు మాత్రం దద్దోజనం కాదు. పెరుగటుకులని చెప్పి పెట్టండి, మామయ్యగారు దద్దోజనమనుకుని నోట్లో పెట్టుకుంటే నిరాశపడతారు.

సన్నజాజి:
ఇవాళ ఈ చర్చంతా ఆయనకి చదివి వినిపించాను. సరే లేస్తానన్నారు. అన్నం ఎప్పుడూ వండలేదు. కుక్కర్‌లో పెడితే పులిహోరకి ముద్దవుతుందేమోనని అడుగుతున్నారు.

చల్లకవ్వం:
ముద్దవదు. పాత బియ్యమైతే గ్లాసుకి గ్లాసూ ముప్పావు నీళ్ళు, కొత్తవైతే గ్లాసున్నర చాలు. రెండుసార్లు కడిగి, పావుగంట నానబెట్టి, చెంచా నూనె వేసి పెట్టమనండి. రెండు విజిల్స్. ఆవిరి దానంతటదే పోయాక మూత తీయాలి. తీశాక అయిదు నిమిషాలు గరిటె పెట్టొద్దు, వేడి మీద కలిపితే మెతుకు విరుగుతుంది. తర్వాత అంచుల నుంచి తీసి తాంబాళంలోకి దింపాలి. శనివారం ఒక్క గ్లాసుతో చేసి చూసుకోమనండి, తేడా వస్తే ఆదివారానికి ముందే ఇక్కడ రాయండి.