అప్‌డేట్: కారులో పాపకు వాంతులు తగ్గాయి

విజయనగరం నుంచి ఎటు బయల్దేరినా మా నాలుగేళ్ల పాపకు కారులో వాంతులవుతున్నాయని అడిగాను కదా, తగ్గాయి. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పిల్లల డాక్టర్ చూసి కడుపులో ఏ సమస్యా లేదన్నారు. బండి కదలిక లోపలి చెవికి తెలుస్తుంది, ఫోన్‌ మీదున్న కళ్లకు తెలియదు, ఆ తేడాకే వికారమట. ఫోన్ ఆపి కిటికీలోంచి దూరంగా చూపించమని మీలో ఒకరు చెప్పిందే పనిచేసింది. నిమ్మకాయ వాసన మాకు ఉపయోగపడలేదు.

మొన్న శ్రీకూర్మం దాకా తాటిచెట్లు లెక్కపెడుతూ హాయిగా వచ్చింది. ఇరవై దాటితే మళ్లీ ఒకటి నుంచే! గుడిలో నక్షత్ర తాబేళ్లను చూసి, "ఇవి మెల్లగా వెళ్తాయి, అందుకే వీటికి వాంతులు రావు. నాన్నా, నువ్వూ ఇలాగే నడుపు" అంది. పక్కనున్నవాళ్లు కూడా ఆపుకోలేక నవ్వేశారు. తిరుగు దారిలో కారు కాస్త వేగం అందుకుంటే చాలు, వెనక నుంచి "తాబేలూ!" అని ఒకటే అరుపు.