సెలవుల్లో ఎండిపోని ప్రింటర్ కావాలి: ఇంకు ట్యాంకా, లేజరా?

ప్రశ్న
అందరికీ నమస్కారం. మాది తణుకు. ఇద్దరు పిల్లలు, ఒకరు ఏడో తరగతి, ఇంకొకరు ఇంటర్ మొదటి సంవత్సరం. వర్క్‌షీట్లు, మోడల్ పేపర్లు కలిపి నెలకు వంద పేజీల దాకా అవుతాయి. వేసవిలో మాత్రం రెండు నెలలు ప్రింటర్ మొహమే చూడం. ఇదివరకు చవగ్గా వస్తోందని చిన్న ఇంక్‌జెట్ కొన్నాం. సెలవులయ్యాక ఆన్ చేస్తే అక్షరాల మధ్య అన్నీ తెల్ల గీతలే. కొత్త కార్ట్రిడ్జ్ వేస్తే వంద చిల్లర పేజీలకే ఖాళీ. రెండు కార్ట్రిడ్జ్‌లు మార్చేసరికి ప్రింటర్ ఖరీదు దాటిపోయింది. ఈసారి మళ్లీ మోసపోతామేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు
ఇంకు ట్యాంకు, అంటే కార్ట్రిడ్జ్ బదులు సీసాతో ఇంకు పోసుకునే ప్రింటర్ తీసుకోండి. మా ఇంట్లో నాలుగేళ్లుగా అదే. ఎప్సన్ ఎల్, కెనాన్ జి, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్, బ్రదర్ టీ సిరీస్‌లు అన్నీ ఈ రకమే. మోడల్‌ని బట్టి నల్ల సీసా ఒకటి 4,000 నుంచి 7,500 పేజీలు వస్తుందని కంపెనీలు చెబుతాయి. కలర్ కూడా చవక.

ఇంకో జవాబు
పై మాట నిజమే కానీ, ఆ ఇల్లు ఏడాది పొడుగునా ప్రింట్లు తీసే ఇల్లు అయ్యుంటుంది. పదేళ్లు జిరాక్స్ షాపు నడిపినవాడిగా చెబుతున్నా, ట్యాంకు ఎంత పెద్దదైనా హెడ్‌లో, అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగంలో ఉన్నవి వెంట్రుక కంటే సన్నటి రంధ్రాలు. మన మే నెల ఎండలకు వాటిలో ఇంకు గడ్డకడుతుంది. హెడ్ క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ కొంత ఇంకు లోపల వృథా ఇంకును పీల్చే ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండితే ప్రింటర్ ఆగిపోతుంది, కొన్ని మోడళ్లలో సర్వీసుకు తీసుకెళ్లాల్సిందే. ట్యాంకు కొంటే సెలవుల్లో కూడా వారానికి ఒక కలర్ పేజీ తీయాలి. ఊరెళ్లినా ఎవరో ఒకరు తీయాలి. మీకు కుదురుతుందా? పిల్లలకు కలర్ ఎంత అవసరం?

ప్రశ్న అడిగినవారు
కుదరదండీ, సెలవులకు ఇల్లు తాళం వేసి వెళ్తాం. కలర్ అంటే చిన్నవాడి ప్రాజెక్టులు, ఏడాదికి నాలుగైదు.

అదే సభ్యుడు
అయితే నలుపు మాత్రమే ప్రింట్ చేసే లేజర్ తీసుకోండి, సందేహమే లేదు. అందులో ఇంకు బదులు వాడే టోనర్ ఒక పొడి, ఎండటానికి అందులో తడి ఉండదు. రెండు నెలల తర్వాత తీసినా మొదటి పేజీ శుభ్రంగా వస్తుంది. ఆ నాలుగు కలర్ పేజీలు షాపులో తీయించుకోండి.

కొనేముందు టోనర్ ధరను అది ఇచ్చే పేజీలతో భాగించండి. మీకు ఏడాదికి వెయ్యి పేజీలు అనుకుంటే ఖర్చెంతో తేలిపోతుంది. ప్రింటర్‌తో పాటు పెట్టెలో వచ్చే టోనర్ చాలావాటిలో సగమే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. డ్రమ్, అంటే పొడిని అక్షరాల రూపంలో కాగితం మీదకు చేర్చే గొట్టం లాంటి భాగం, దాని సంగతి కూడా అడగండి. కొన్నింటిలో డ్రమ్, టోనర్ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి, బ్రదర్ వాటిలో డ్రమ్ విడిగా మార్చాలి. కొన్ని మోడళ్లు కార్ట్రిడ్జ్‌లో చిప్ పెట్టి రీఫిల్‌ను, అంటే ఖాళీ అయినదాంట్లో మళ్లీ పొడి నింపడాన్ని ఒప్పుకోవు. మీ ఊళ్లో రీఫిల్ చేసే షాపు ఉంటే, ఏ మోడల్ టోనర్ సులువుగా దొరుకుతుందో ముందు అక్కడే కనుక్కోండి.

రెండు వైపులా ప్రింట్ తీసే మోడల్ అయితే కాగితం సగం మిగులుతుంది. స్కానర్ కోసం ఎక్కువ పెట్టకండి, ఆధార్ కాపీకి ఫోన్‌తో స్కాన్ చేసి ప్రింట్ ఇస్తే చాలు. అక్షరాలు వెలిసినట్టు వస్తుంటే కార్ట్రిడ్జ్ బయటికి తీసి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని ఐదారుసార్లు మెల్లగా అటూ ఇటూ ఊపండి. ఓ మూలకు చేరిన పొడి సర్దుకుని ఇంకొన్ని పేజీలు వస్తాయి. మా షాపులో ఇలా చేయకుండా ఒక్క కార్ట్రిడ్జ్ కూడా మార్చేవాళ్లం కాదు.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండీ. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

అదే సభ్యుడు
వద్దండీ. కాగితం మీద పొడి అంటుకోవడానికి లోపల హీటర్ వేడెక్కుతుంది, ఆ క్షణంలో కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ఇన్వర్టర్ లైనుకు, యూపీఎస్‌కు కలపకుండా నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టండి. హాల్ టికెట్ లాంటివి ముందురోజే తీసి పెట్టుకోండి.