ఊరంతా కలిసి చేసిన పనిని ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో నాలుగేళ్లుగా తాగునీటి పనులు చూస్తున్నాను. ఏడాదిలో అంతర్జాతీయ సంస్థలకు తొమ్మిది అప్లికేషన్లు పెడితే ఒక్కచోట నుంచే ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది.

"మాట వినని వాళ్లను ఒప్పించిన సందర్భం చెప్పండి" అన్నారు. ఒక ఊళ్లో బోరు దగ్గర రెండు వీధులవాళ్లు బిందెలు విసురుకునేదాకా వెళ్తే, మూడు రాత్రులు రచ్చబండ మీద కూర్చుని నీళ్ల వంతులు కుదిర్చాం. అదే చెప్పాను, కానీ మొదటి నుంచి చివరిదాకా "మేము" అనే అన్నాను. ఉద్యోగం రాలేదు. సందర్భం, నా బాధ్యత, నేను స్వయంగా చేసింది, ఫలితం అన్న వరుసలో చెప్పాలని తర్వాత తెలిసింది. నలుగురి కష్టాన్ని "నేను చేశాను" అనడానికి నోరు రావడం లేదు. అబద్ధం కాకుండా నా వంతు ఎలా విడదీసి చెప్పాలి?

ఇంకోటి. ఐక్యరాజ్యసమితి (యూఎన్) పరీక్ష పెట్టి యువతను ఉద్యోగాల్లోకి తీసుకునే యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్‌కి 32 ఏళ్లు దాటకూడదు, పైగా ఆ ఏడాది అర్హత ఉన్న దేశాల లిస్టులో మన దేశం ఉండాలి. నాకు 31. టెన్షన్‌గా ఉంది. దానికోసం ఆగాలా, యూఎన్ వాలంటీర్ పోస్టులతో మొదలుపెట్టాలా? ఆ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇలాంటి ఇంటర్వ్యూ ప్రశ్నకు మీరు రాసిన ఒక్క జవాబు నమూనా చూపించినా చాలు.