డ్యూన్ మూడో భాగం దాకా ట్రైలర్ కంటపడకుండా ఉండడం ఎలా? (బెజవాడ, గుంటూరు హాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి)

బెంజిసర్కిల్_బాల్కనీ:
హాలీవుడ్ సినిమా డ్యూన్ మూడో భాగం 2026 డిసెంబర్ 18న అని ప్రకటించారు. మొదటి రెండూ చూశాను, వాటికి ఆధారమైన నవల జోలికి పోలేదు. కథ ఎటు తిరుగుతుందో తెలియకుండా హాల్లో కూర్చోవాలని పట్టుదల. ఈలోపు వేరే సినిమాలకి వెళ్తే తెర మీద దీని ట్రైలర్ వేస్తారు, ఫోన్ తెరిస్తే సగం కథ థంబ్‌నెయిల్ మీదే కనిపిస్తుంది. టీజర్ వరకూ చూస్తే పర్లేదా, అదీ మానుకోవాలా? హాల్లో, ఫోన్లో తప్పించుకునే దారేంటి? నవల చదివినవాళ్ళు దయచేసి నోరు కట్టుకోండి.

బ్రాడీపేట_4/14:
మొదటి టీజర్ చూడండి, ఆఖర్న వచ్చే ట్రైలర్ వదిలేయండి. టీజర్ కట్ చేసేనాటికి గ్రాఫిక్స్ షాట్లు చాలామటుకు తయారై ఉండవు. అందుకే అందులో మొహాలు, ఎడారి, సంగీతం తప్ప పెద్దగా ఏమీ పడదు. విడుదల దగ్గరపడ్డాక వచ్చే ట్రైలర్ వేరు. అప్పటికి సినిమా మొత్తం చేతిలో ఉంటుంది. మీరూ నేనూ ఎలాగూ టికెట్ కొంటాం. కొనాలా వద్దా అని ఊగేవాణ్ణి లాగడానికే దాన్ని కడతారు. రెండున్నర నిమిషాల్లో మొదటి ముప్పావు నిమిషం పరిచయం, తర్వాత చిక్కుముడి, చివరి 30, 40 సెకన్లు డప్పుల మోత మధ్య తెగ్గొట్టిన ముక్కలు. ఖర్చంతా క్లైమాక్స్ మీదే పెడతారు కాబట్టి ఆ ముక్కలు ఎక్కువగా అక్కడివే. ఉండబట్టలేక చూసినా సగంలో ఆపేయండి.

యూట్యూబ్‌లో ఇంకో తిరకాసు ఉంది. స్కిప్ బటన్ ఐదు సెకన్లకి వస్తుంది కదా, ఆ లోపే మిమ్మల్ని పట్టుకోవాలని ట్రైలర్ ముందు ఇంకో బుల్లి ట్రైలర్ అతికిస్తారు. అసలు షాట్లన్నీ అందులోనే గుప్పిస్తారు.

దర్శకుణ్ణి తిట్టి లాభం లేదు, చాలాసార్లు ఇది మార్కెటింగ్ వాళ్ళ పని. 2015లో టెర్మినేటర్ జెనిసిస్ ట్రైలర్ అందులోని ముఖ్య పాత్ర జాన్ కానర్ గుట్టు బయటపెట్టేస్తే, తనకి నచ్చలేదని దర్శకుడు అలన్ టేలరే చెప్పాడు. 2014లో అమెరికా థియేటర్ల సంఘం ట్రైలర్ రెండు నిమిషాలు దాటొద్దని, విడుదలకి ఐదు నెలల కంటే ముందు వేయొద్దని సూచించింది. అది హాళ్ళవరకే, అదీ ఇష్టమైతేనే. ఆన్‌లైన్ ట్రైలర్‌కి ఆ కొలతలు లేవు.

గాంధీనగర్_నేలటికెట్:
హాలు సంగతి నేను చెప్తా.

ట్రైలర్‌కీ సెన్సార్ సర్టిఫికెట్ ఉంటుంది. ట్రైలర్‌కి ముందు అది తెర మీద పడుతుంది, దాని మీద సినిమా పేరు ఉంటుంది. మీకు దొరికే హెచ్చరిక అదొక్కటే. పేరు చూడగానే తల దించి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టండి. కళ్ళు మూసుకుంటే చాలదు, గుట్టు ఎక్కువగా డైలాగుల్లోనే పోతుంది.

బయటే ఉండి లేటుగా దూరదామంటే ఎన్ని నిమిషాలు ఆగాలో లెక్క దొరకదు. ఒక్కో హాల్లో ఒక్కో రకం, ఒకే హాల్లో మార్నింగ్ షోకీ సెకండ్ షోకీ కూడా తేడా. అసలు సినిమా ఎన్నింటికి మొదలవుతుందో టికెట్ మీద వేయమని 2025లో బెంగళూరు వినియోగదారుల కమిషన్ చెప్పింది కానీ, హైకోర్టు దాన్ని నిలిపేసింది.

అందరూ మర్చిపోయేది ఇంటర్వెల్. ఇంగ్లీష్ సినిమాకి ఇంటర్వెల్ ఉండదు, మన హాలువాళ్ళే ఒకచోట తెంచి పెడతారు. ఆ గ్యాప్‌లో యాడ్‌లతో పాటు ట్రైలర్లూ తోస్తారు. అప్పుడు లైట్లు వేసి ఉంటాయి, పాప్‌కార్న్ పట్టుకుని లోపలికొస్తూ తలెత్తుతాం, అయిపోయింది. కాబట్టి బయటే నిలబడి, తలుపు సందులోంచి పొగాకు ప్రకటన గొంతు వినబడ్డాకే లోపలికి రండి. సినిమా మళ్ళీ మొదలయ్యే ముందే అది ఎక్కువగా పడుతుంది.

ఇంకోటి, డ్యూన్ వార్నర్ బ్రదర్స్ స్టూడియోది. శీతాకాలం దాకా వాళ్ళ సినిమా ఏది ఆడినా ఈ ట్రైలర్ తగులుతుందనే అనుకోండి. తెలుగు సినిమా షోల్లో ఆ భయం తక్కువ.

అరండల్‌పేట_మాస్టారు:
ఇంత కంగారు అవసరమా బాబూ? ఈగ (2012) మొదలుపెట్టినప్పుడే రాజమౌళి కథ చెప్పేశాడు. విలన్ హీరోని చంపుతాడు, హీరో ఈగై పుట్టి పగ తీర్చుకుంటాడు అని. ఎవరైనా చూడ్డం మానేశారా? 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు 12 కథల మీద ప్రయోగం చేస్తే, ముగింపు ముందే తెలిసినవాళ్ళే కథల్ని ఎక్కువ మెచ్చుకున్నారు.

బ్రాడీపేట_4/14:
మాస్టారూ, ఆ ప్రయోగం చిన్న కథలతో చేసింది. నెలల తరబడి ఎదురుచూసి వెళ్ళే మూడు గంటల సినిమాకి అది అలాగే సరిపోతుందనుకోలేం. రాజమౌళి చెప్పింది కూడా పునాది. హీరో చస్తాడని తెలిసినా, ఈగ అంతటి విలన్‌ని ఎలా ముప్పుతిప్పలు పెడుతుందన్నదే సినిమా. రెండో టెర్మినేటర్ (1991) చూడండి. ఆర్నాల్డ్ చంపడానికొచ్చాడా, కాపాడ్డానికొచ్చాడా అని ప్రేక్షకుడు తికమక పడేలా మొదటి అరగంట కట్టారు. ట్రైలర్ ఆ గుట్టు ముందే విప్పేసింది, దాంతో ఆ అరగంట పడ్డ కష్టమంతా వృథా. పునాది చెబితే ఆసక్తి పెరుగుతుంది, మలుపు చెబితే దర్శకుడు దాచిన సీను దండగ.

కృష్ణలంక_కీప్యాడ్:
ఫోన్ విషయం. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సేఫ్టీ, మ్యూట్ అండ్ బ్లాక్, మ్యూటెడ్ వర్డ్స్. హ్యాష్ లేకుండా పదం వేస్తే హ్యాష్‌ట్యాగ్ కూడా ఆగుతుంది, హ్యాష్‌తో వేస్తే ట్యాగ్ ఒక్కటే ఆగుతుంది. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి వేయండి. సినిమా పేరుతో పాటు పాత్రల పేర్లు పాల్, చానీ, కథ జరిగే గ్రహం అరాకిస్, దర్శకుడు విల్నోవ్ కూడా. గడువు "ఫరెవర్" పెట్టండి, 30 రోజులది మధ్యలో అయిపోతుంది. సెర్చ్‌లో ఇది పనిచేయదు. ఫొటో మీద అక్షరాలుగా రాసిన మీమ్‌నీ ఆపలేదు, దెబ్బ తగిలేది అక్కడే.

యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ చెరిపేసి, ఆపేస్తే హోమ్ పేజీ ఖాళీ అయిపోతుంది. అంత వద్దనుకుంటే ఒక్కో వీడియోకి "నాట్ ఇంట్రెస్టెడ్" కొడుతూ కూర్చోకుండా "డోంట్ రికమెండ్ ఛానల్" కొట్టండి. ట్రైలర్‌ని ముక్కముక్కగా విడమర్చే బ్రేక్‌డౌన్ ఛానళ్ళకి ముందు. ఫ్రేము ఆపి ఎర్ర బాణం గుర్తు వేసేది వాళ్ళే.

ట్రైలర్ ఒక్కటీ తప్పించుకుని పొంగిపోవద్దు. నటీనటుల జాబితా అంతకన్నా ప్రమాదం. రెండో భాగంలో ఆన్యా టేలర్-జాయ్ ఉందన్న రహస్యం విడుదలకి ముందే లండన్ ప్రీమియర్లో బయటపడింది, ఆవిడే వచ్చి రెడ్ కార్పెట్ మీద నిలబడింది కాబట్టి. మూడో భాగం వికీపీడియా పేజీ తెరవకండి, అంతకుమించి చెప్పను. పాటల ఆల్బమ్ కూడా సినిమా కంటే ముందే వస్తుంది. రెండో భాగానిది వారం ముందు వచ్చింది. 1999లో స్టార్ వార్స్ ఆల్బమ్ వెనక అట్ట మీద ట్రాక్ పేరు చదివితే ఎవరు పోతారో తెలిసిపోయేది.

బెంజిసర్కిల్_బాల్కనీ:
మ్యూట్ పెట్టేశాను, ధన్యవాదాలు. వాట్సాప్ స్టేటస్‌ల సంగతేంటి? మొదటి షో వదలగానే క్లైమాక్స్ ముక్కలు తీసి పెట్టేస్తారు.

కృష్ణలంక_కీప్యాడ్:
స్టేటస్ పెట్టే అలవాటున్న వాళ్ళని ముందురోజే మ్యూట్ చేయండి. స్టోరేజ్ అండ్ డేటాలో ఫొటోలు, వీడియోల ఆటో డౌన్‌లోడ్ తీసేయండి, లేకపోతే గ్రూపులో పడ్డ ముక్క తిన్నగా గ్యాలరీకి వస్తుంది. వీటన్నిటికంటే, బుకింగ్ తెరవగానే మొదటిరోజు పొద్దున షోకి టికెట్ తీసేయండి.